పులికాట్ వెంట ఒక పగలు: బృందంగా 110 కిలోమీటర్ల సైకిల్ రైడ్‌కు సమగ్ర మార్గదర్శి

పులికాట్ సరస్సు దగ్గర సైకిల్ తొక్కేవాళ్లను దూరం కంటే, ఎండ కంటే ఎక్కువగా అలసగొట్టేది గాలి. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. అక్కడ చెట్టు చాటు లేదు, గోడ చాటు లేదు. గాలి ఎటు నుంచి వీస్తే అటు నుంచి నేరుగా ఒంటికి తగులుతుంది. ఒంటరిగా వెళ్తే ఆ గాలినంతా మీరే ఎదుర్కోవాలి. పదిమంది కలిసి వెళ్తే తలా కొంత పంచుకోవచ్చు. ఈ రైడ్‌కి సంబంధించిన ప్రతి నిర్ణయాన్నీ, అంటే ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ ముక్క ముందు తొక్కాలి, ఎవరు ఎక్కడ ఉండాలి అన్నవాటిని, గాలిని బట్టే తీసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

ఆగకుండా 50, 60 కిలోమీటర్లు తొక్కిన అనుభవం ఉండి, మొదటిసారి వంద దాటాలనుకునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఎప్పుడు వెళ్లాలి

డిసెంబర్ చివర నుంచి ఫిబ్రవరి చివరి దాకా మంచి కాలం. అక్టోబర్, నవంబర్ నెలల్లో ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు ఈ తీరాన్ని వదలవు. ఆ వానలకే సరస్సు నిండుతుంది, నీళ్లుంటేనే పక్షులుంటాయి. పులికాట్ మన దేశంలో చిల్కా తర్వాత రెండో పెద్ద ఉప్పునీటి సరస్సు. విస్తీర్ణం పెద్దదే అయినా లోతు చాలా తక్కువ. ఎండలు ముదిరేసరికి చాలా భాగం ఎండిపోయి బురద నేల, ఉప్పు పొర తేలతాయి. మార్చి దాటితే చూడ్డానికి పక్షులూ తక్కువే, తొక్కడానికి చల్లదనమూ ఉండదు.

వారంలో ఆదివారం ఎంచుకోండి. మామూలు రోజుల్లో పొద్దున్నే షార్ (శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం) ఉద్యోగుల బస్సులు వరసగా ఈ రోడ్డు మీదే వెళ్తాయి. తేదీ ఖాయం చేసే ముందు రెండు విషయాలు చూడాలి. ఒకటి, ఆ రోజు గానీ ముందురోజు గానీ రాకెట్ ప్రయోగం ఉందా? ఉంటే రోడ్డు మీద ఆంక్షలు, జనం రెండూ ఉంటాయి. రెండోది, సూళ్లూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్. సాధారణంగా జనవరిలో జరుగుతుంది. కుటుంబంతో వెళ్లడానికి ఎంతో బాగుంటుంది కానీ, ఆ జనంలో పది సైకిళ్లు వరసగా వెళ్లడం కుదరదు.

దారి: ఎదురుగాలి పొద్దున, వెనకగాలి మధ్యాహ్నం

చాలామంది సూళ్లూరుపేటలోనే బండి దిగి, అక్కడే మొదలుపెడతారు. నేను మాత్రం తడ నుంచి మొదలుపెట్టమంటాను. చలికాలంలో ఇక్కడ గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది. తెల్లవారుజామున నెమ్మదిగా ఉండి, పొద్దెక్కేకొద్దీ పుంజుకుంటుంది. దక్షిణాన ఉన్న తడలో మొదలుపెడితే, ఉత్తరానికి వెళ్లే కష్టమంతా ఒంట్లో సత్తువ ఉన్నప్పుడే పూర్తవుతుంది. ఇంటి దారి పట్టాక గాలి వీపు మీద చెయ్యి వేసి తోసినట్టు ఉంటుంది.

వరస ఇలా ఉంటుంది. తడ నుంచి జాతీయ రహదారి 16 మీద సూళ్లూరుపేటకు సుమారు 16 కిలోమీటర్లు. అక్కడ కుడివైపు తిరిగి సరస్సు రోడ్డు మీద అటకానితిప్ప మీదుగా షార్ గేటు దగ్గరి దాకా సుమారు 18, మళ్లీ వెనక్కి 18. సూళ్లూరుపేటలో టిఫిన్. తర్వాత హైవే మీద ఉత్తరంగా దొరవారిసత్రం వైపు వెళ్లి నేలపట్టు పక్షుల కేంద్రానికి ఇరవైకి అటూ ఇటుగా. అక్కడి నుంచి తిన్నగా దక్షిణానికి తడ దాకా 36. మొత్తం 110 లోపే.

ముందురోజు రాత్రి ఫోన్లో గాలి సూచన చూడండి. దక్షిణం నుంచి గాలి చూపిస్తే మొహమాటపడకుండా ప్లాన్ తిరగేసి, ఉత్తరాన నాయుడుపేట వైపు నుంచి మొదలుపెట్టండి.

చెన్నై నుంచి వచ్చేవాళ్లకు తడ, సూళ్లూరుపేట రెండింటికీ లోకల్ రైళ్లున్నాయి. సైకిల్‌తో ఎక్కాలంటే లగేజీ నిబంధనలు ముందుగా స్టేషన్లో అడిగి పెట్టుకోవాలి. నెల్లూరు, తిరుపతి నుంచి వచ్చేవాళ్లు కార్ల మీద ర్యాక్ పెట్టుకుని ముందురోజు సాయంత్రానికే చేరి, తడలో గానీ దగ్గర్లోని శ్రీసిటీలో గానీ రూమ్ తీసుకుంటే నిద్ర పాడవదు.

జట్టు

ఎనిమిది నుంచి పన్నెండు మంది సరిపోతారు. అంతకు మించితే రెండు జట్లుగా విడిపోయి, పది నిమిషాల తేడాతో బయల్దేరండి. పాతికమంది ఒకే వరసలో వెళ్తే లారీ డ్రైవర్‌కి దాటడానికి సందు దొరకదు.

మనుషులను ఎంచుకునేటప్పుడు వేగం కంటే నిలకడ చూడండి. గంటకు 20 కిలోమీటర్ల చొప్పున మూడు గంటలు తొక్కగలిగిన మనిషి ఈ రైడ్ పూర్తి చేస్తారు. 200 కిలోమీటర్ల బ్రెవేకి (గడువులోపు పూర్తి చేయాల్సిన దూరపు సైకిల్ రైడ్) ఇచ్చే గడువే పదమూడున్నర గంటలు. అంటే ఆగిన సమయంతో కలిపి గంటకు 15 కూడా కాదు. మొదటి గంటలో 28 మీద పోయి, మూడో గంటలో కూలబడే కుర్రాడి వల్లే జట్టు మొత్తం ఆలస్యమవుతుంది.

ముగ్గురికి పనులు అప్పగించాలి. ముందు ఉండే లీడ్‌కి దారి తెలియాలి, వేగం అదుపులో ఉండాలి. చివర ఉండే స్వీప్ జట్టులో అందరికంటే బలమైనవాళ్లు, రిపేర్ చేతనైనవాళ్లు అయ్యుండాలి. స్వీప్‌ని దాటి ఎవరూ వెనకబడకూడదు. మూడో మనిషి మధ్యలో ఉండి రెండు వైపులా కబురు అందిస్తుంటారు. బలహీనంగా తొక్కేవాళ్లను వెనక ఉంచడం మామూలుగా జరిగే పని, కానీ వాళ్లకు సరైన చోటు లీడ్ వెనక రెండో స్థానం. అక్కడ గాలి తక్కువ, పైగా వాళ్ల ఊపిరి లీడ్‌కి వినిపిస్తుంటుంది కాబట్టి వేగం దానంతటదే సర్దుకుంటుంది.

బయల్దేరే ముందు అందరినీ నిలబెట్టి ఐదు నిమిషాలు మాట్లాడండి. అరుపులు నాలుగు చాలు: "గుంత", "స్లో", "ఆగుతున్నాం", "బండి వస్తోంది". ముందువాళ్లు అరిచింది ప్రతి ఒక్కరూ వెనక్కి అందించాలి. ఎదురుగాలిలో మాట మూడో మనిషి దాకా కూడా వెళ్లదు, అందుకే చేతి సైగలు కూడా ముందే అనుకోండి. ఆగేటప్పుడు చెయ్యి పైకెత్తాలి. గుంతను ఆ వైపు చేత్తో కిందకి చూపించాలి.

ముందు నెలలో చేయాల్సింది

వారానికి ఒక పొడవాటి రైడ్: 50, 65, 80. చివరి వారం 40తో సరిపెట్టండి. వీటిలో కనీసం రెండు రైడ్లు ఇదే జట్టుతో, ఒకరి వెనక ఒకరు వరసగా తొక్కుతూ చేయాలి. ముందువాళ్ల చక్రానికి మీటరు దూరంలో ఉండి బ్రేకు మీద చెయ్యి వణక్కుండా తొక్కడం ఒక్కరోజులో అబ్బదు. కొత్త షూస్, కొత్త సీటు, కొత్త ప్యాడెడ్ షార్ట్స్ ఏవైనా ఈ రైడ్ల్లోనే వాడి చూసుకోండి.

గాలిలో వరస కట్టడం

గాలి అడ్డు వేగంతో పాటు సమంగా పెరగదు. వేగం రెండింతలైతే అడ్డు నాలుగింతలవుతుంది. ఇక్కడ లెక్కలోకి వచ్చేది మీ సైకిల్ వేగం ఒక్కటే కాదు, ఎదురుగాలి వేగం కూడా అందులో కలుస్తుంది. మీటర్ 18 చూపిస్తున్నా, ఎదురుగాలి 15 ఉంటే, ఒంటికి తగిలేది 33. అందుకే ఎదురుగాలిలో స్పీడ్ మీటర్ చూడటం మానేసి ఊపిరి చూసుకోండి. పక్కవాళ్లతో ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే మీరు సరైన వేగంలో ఉన్నట్టే. మాట మధ్యలో తెగిపోతుంటే ఒక గేరు తగ్గించాలి.

ముందువాళ్ల వెనక దగ్గరగా ఉంటే గాలి భారం బాగా తగ్గుతుంది. ఎంత దగ్గర అన్నది నేర్పును బట్టి. కొత్తవాళ్లకు ఒక మీటరు, అలవాటైనవాళ్లకు అర మీటరు. చూపు ముందువాళ్ల టైరు మీద పెట్టకండి. వాళ్ల భుజాల మీదుగా దూరం చూడండి, టైరు మీ కంటి అంచున కనిపిస్తూనే ఉంటుంది. వరసలో ఉండగా సడన్‌గా పెడల్ ఆపకూడదు. వేగం తగ్గించాలంటే కాస్త నిటారుగా కూర్చోండి, ఛాతీకి గాలి తగిలి సైకిల్ అదే నెమ్మదిస్తుంది. సీటు మీంచి లేచి తొక్కేటప్పుడు సైకిల్ ఒక్క క్షణం వెనక్కి జారినట్టవుతుంది, అందుకని లేచే ముందు "లేస్తున్నా" అని చెప్పాలి.

అన్నిటికంటే ముఖ్యం: మీ ముందు చక్రం ఎప్పుడూ ముందువాళ్ల వెనక చక్రం పక్కకి రాకూడదు. రెండూ రాసుకుంటే పడేది వెనకవాళ్లే. ముందు చక్రం పక్కకి నెట్టుకుపోతే హ్యాండిల్ నిలబెట్టుకోవడం దాదాపు అసాధ్యం. గ్రూప్ రైడ్లలో పెద్ద దెబ్బలు తగిలేది ఎక్కువగా ఇలాగే.

పక్కగాలి సంగతి వేరు. గాలి కుడి ముందు నుంచి వస్తుంటే చాటు దొరికేది ముందువాళ్లకు నేరుగా వెనక కాదు, కాస్త ఎడమకు. నేలపట్టు వైపు ఉత్తరంగా తొక్కేటప్పుడు సరిగ్గా ఇదే పరిస్థితి. లీడ్ రోడ్డు అంచున ఉండే తెల్లగీతకు దగ్గరగా ఉండి ఎడమ పక్కన చోటు వదిలితే, వెనకవాళ్లు జానెడు ఎడమకు జరిగి చాటులో ఉండొచ్చు, రోడ్డు మీదకు రానక్కర్లేదు. శ్రీహరికోట రోడ్డు మీద తూర్పుకు వెళ్లేటప్పుడు ఇది తారుమారవుతుంది. గాలి ఎడమ నుంచి వస్తుంది, చాటు కుడివైపు, అంటే బండ్లు వెళ్లే వైపు ఉంటుంది. అక్కడ చాటు కోసం ఆశపడొద్దు. అందరూ ఎడమ అంచున ఒకే గీతలో ఉండాలి. ఆ ముక్కని గాలి లేవకముందే పొద్దున్నే పూర్తి చేయమనడానికి ఇది కూడా ఒక కారణం.

లీడ్ ఎవరైనా మూడు నాలుగు నిమిషాలకు మించి ఎదురుగాలిలో ముందుండకూడదు. అలసిపోయాక మారడం కాదు, అలసట రాకముందే మారాలి. మారేటప్పుడు వెనక్కి చూసి, సైగ చేసి, ఎడమకు జరిగి నెమ్మదించండి. మిగతావాళ్లు అదే వేగంతో కుడి పక్క నుంచి దాటిపోతారు. కొత్తగా ముందుకొచ్చినవాళ్లు ఉత్సాహంగా వేగం పెంచడం సహజం. అలా పెంచితే, ఇంతసేపూ గాలికి ఎదురు తొక్కి వెనక్కి వస్తున్న మనిషికి వరసలో మళ్లీ కలుసుకునే ఓపిక ఉండదు.

ఆ రోజు

ఆరు దాటాక, వెలుగు రాగానే తడ నుంచి కదలండి. చీకట్లో హైవే ఎక్కొద్దు. ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు పగలు కూడా వెలుగుతూనే ఉండాలి. తెల్లగీతకు ఎడమ పక్కనే ఉండండి. ఊళ్లు దగ్గర పడేసరికి ఆ పక్కనే రాంగ్ రూట్లో మోటార్‌సైకిళ్లు ఎదురొస్తుంటాయి. లీడ్ వాటిని దూరం నుంచే చూసి చెప్పాలి, వరస మొత్తం కాస్త నెమ్మదించి ఎడమకు సర్దుకోవాలి.

ఏడింటికల్లా సూళ్లూరుపేట. కాళంగి నది ఒడ్డున చెంగాళమ్మ గుడి అందరికీ తెలిసిన గుర్తు కాబట్టి విడిపోయినవాళ్లు కలుసుకోవడానికి అనువైన చోటు. ఆ గుడికి తలుపులుండవు, అమ్మవారి దర్శనం ఎప్పుడూ ఉంటుంది. టీ తాగి, రెండు బాటిళ్లూ నింపుకుని సరస్సు రోడ్డు పట్టండి. ఆ రోడ్డు మీద నీళ్లు దొరుకుతాయన్న నమ్మకం పెట్టుకోకండి.

ఊరు దాటిన కాసేపటికి రెండు పక్కలా నీళ్లు మొదలవుతాయి. రాజహంసలు సాధారణంగా రోడ్డుకు దూరంగా, లోతు తక్కువ నీళ్లలో గుంపుగా మేస్తుంటాయి. మొదట గులాబీ చార లాగానే కనిపిస్తాయి. తలకిందులుగా ముక్కు నీళ్లలో ముంచి, బురదనీటిని వడపోసుకుంటూ తింటాయి. తలలన్నీ ఒక్కసారి పైకి లేచాయంటే మీ అలికిడికి బెదిరాయని అర్థం, అక్కడితో ఆగిపోండి. గట్టు దిగి బురదలోకి వెళ్లకండి. పైన ఎండిన పొర గట్టిగా కనిపించినా కింద కాలు దిగబడుతుంది, షూస్ అడుగున ఉండే క్లీట్లలో ఇరుక్కున్న ఆ జిగట మట్టి రోజంతా వదలదు. డ్రోన్ ఎగరేయడం, స్పీకర్లో పాటలు పెట్టడం రెండూ వద్దు. ఇది అభయారణ్యం, పైగా అంతరిక్ష కేంద్రం పక్కన.

అటకానితిప్ప దగ్గర ఒకసారి ఆగి మనుషులను లెక్కపెట్టుకోండి. షార్ గేటుకు కాస్త ముందే వెనక్కి తిరగండి. గేటు దగ్గర ఫొటోలు తీయొద్దు, సిబ్బంది ఏం చెప్తే అది వినండి.

తొమ్మిదిన్నర లోపు సూళ్లూరుపేటలో టిఫిన్. ఇడ్లీ, పొంగల్ మంచివి. పూరీ, వడ చూడగానే నోరూరుతుంది కానీ, తర్వాతి ఇరవై కిలోమీటర్లూ ఎదురుగాలి. నూనె తిండితో ఆ ముక్క నరకం. అరగంట విశ్రాంతి తీసుకుని పదింటికి ఉత్తరానికి బయల్దేరండి. రోజు మొత్తంలో కష్టమైన గంట ఇదే, పైన చెప్పిన వరస క్రమం ఇక్కడే అక్కరకొస్తుంది. హైవే దిగి నేలపట్టు వైపు తిరిగాక రోడ్డు చిన్నదవుతుంది. కోతల రోజుల్లో వడ్లు ఆరబోసి ఉంటే సైకిల్ దిగి నడిపించుకుంటూ వెళ్లండి. ధాన్యం మీద చక్రం జారుతుంది, అంతకంటే ముఖ్యం అది ఒకరి పంట.

నేలపట్టులో గంటైనా గడపాలి. గూడబాతులు నీళ్లలో నిలిచిన కడప చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుతుంటాయి. చెట్ల నీడ, కూర్చోడానికి చోటు ఉంటాయి. షూస్ విప్పి కాళ్లకు గాలి తగలనివ్వండి. పన్నెండున్నరకి తిరిగి బయల్దేరితే సూళ్లూరుపేటలో భోజనం చేసుకుని, మూడున్నరకి తడ చేరొచ్చు.

నీళ్లు, తిండి

గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు నీళ్లు. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకొకసారి రెండు గుక్కలు. లీడ్ తాగినప్పుడల్లా "నీళ్లు" అని అరిస్తే అందరికీ గుర్తొస్తుంది. ఒక బాటిల్‌లో మంచినీళ్లు, ఇంకోదాంట్లో ఓఆర్ఎస్. పెద్ద ప్యాకెట్ అయితే పూర్తి లీటరు నీళ్లలో కలపాలి. చిన్న బాటిల్‌లో మొత్తం ప్యాకెట్ పోస్తే చిక్కబడి కడుపులో తిప్పుతుంది. ప్రతి ముప్పావుగంటకి ఒక అరటిపండు గానీ, పల్లీ చిక్కీ ముక్క గానీ, రెండు ఖర్జూరాలు గానీ. గాలి తగులుతుంటే చెమట వెంటనే ఆరిపోతుంది, ఒంట్లోంచి ఎంత నీరు పోయిందో తెలియదు. మధ్యాహ్నానికి జెర్సీ మీద తెల్లటి ఉప్పు చారలు కనిపిస్తే నీళ్లతో పాటు ఉప్పు కూడా పడాలి, ఉప్పు వేసిన మజ్జిగ దానికి దివ్యంగా పనిచేస్తుంది.

పంక్చర్

ఈ ప్రాంతమంతా సర్కారు తుమ్మ. పంక్చర్ పడదనుకోకుండా, రెండు పడతాయనుకునే బయల్దేరండి. ఒక్కొక్కరి దగ్గర రెండు ట్యూబులు, టైర్ లెవర్లు, ప్యాచ్‌లు, అలెన్ కీలు ఉండాలి. జట్టుకి రెండు పంపులు, ఒక చైన్ టూల్. ఊళ్లో పంక్చర్ షాపులు ఉంటాయి కానీ, సన్నటి ప్రెస్టా వాల్వ్‌కి పట్టే పంపు అక్కడ ఉండకపోవచ్చు.

పంక్చర్ పడితే అందరూ రోడ్డు నుంచి పూర్తిగా దిగాలి. చక్రం విప్పి, టైరు ఒక పక్క మాత్రమే తీసి ట్యూబు బయటికి లాగండి. కొత్త ట్యూబు పెట్టాలన్న తొందరలో వదిలేసే పని ఒకటుంది: ముల్లు వెతకడం. పాత ట్యూబులో గాలి కొట్టి, బుగ్గ దగ్గర పెట్టుకుని చిల్లు ఎక్కడుందో పట్టుకోండి. వాల్వ్ నుంచి అది ఎంత దూరంలో ఉందో, టైరు మీద కూడా అంతే దూరంలో ముల్లు ఉంటుంది. రెండు దిక్కులా చూడండి. లోపలి వైపు వేళ్లు మెల్లగా తిప్పితే సూది మొనలా తగులుతుంది. తుమ్మముల్లు పై భాగం విరిగిపోయి మొన మాత్రమే రబ్బరులో మిగులుతుంది కాబట్టి పైనుంచి కనపడదు. లోపలి నుంచి బయటికి నెట్టి, గోటితోనో చిన్న శ్రావణంతోనో లాగేయాలి. కొత్త ట్యూబులో కొద్దిగా గాలి కొట్టి గుండ్రంగా చేసి పెడితే మడతపడదు. టైరు చివరి జానెడు లెవర్లతో కాకుండా బొటనవేళ్లతో ఎక్కించండి, లెవర్ కొన ట్యూబుని గిల్లితే మళ్లీ మొదటికొస్తుంది.

ఎవరికైనా బాగోకపోతే

తల తిరగడం, వణుకు, మాట తడబడటం, చెమట ఆగిపోవడం కనిపిస్తే ఆ మనిషికి రైడ్ అక్కడితో అయిపోయినట్టే. నీడలో పడుకోబెట్టి, బట్టలు వదులు చేసి, తడి గుడ్డతో మెడ, చంకలు తుడవండి, 108కి ఫోన్ చేయండి. పూర్తి స్పృహలో ఉంటేనే నోట్లో నీళ్లు పోయాలి. హైవే మీద ప్రమాదమైతే 1033 కూడా పనిచేస్తుంది. "ఇంకో పది కిలోమీటర్లే కదా" అని బతిమాలే స్నేహితుడి మాట ఇలాంటప్పుడు వినకూడదు. వెనక ఒక కారు గానీ ఆటో గానీ ముందే మాట్లాడి పెట్టుకుంటే ఈ నిర్ణయం తీసుకోవడం తేలికవుతుంది, దిగిపోయే మనిషికీ చిన్నతనం అనిపించదు.

తడ చేరాక

కూర్చునే ముందు పది నిమిషాలు నడవండి, పిక్కలు సాగదీయండి. గంటలోపు అన్నం, పప్పు, గుడ్డు ఏదో ఒకటి కడుపు నిండా తినండి. సైకిల్‌ని మర్నాటి దాకా వదిలేయొద్దు. ఉప్పుగాలి చైన్ మీద రాత్రికి రాత్రే తుప్పు పెట్టగలదు. మామూలు నీళ్లు బకెట్‌తో మెల్లగా పోసి కడిగి, గుడ్డతో చైన్ తుడిచి, ఆరాక ఒక్కో లింకుకు ఒక్కో చుక్క నూనె వేయండి. బేరింగుల మీదకి పైపుతో జోరుగా నీళ్లు కొట్టకూడదు.

కారు నడపాల్సినవాళ్లు ఆ రోజు సైకిల్ తొక్కినవాళ్లయితే, స్టీరింగ్ పట్టుకునే ముందు కనీసం ఒక గంట పడుకోవాలి. వీలుంటే తొక్కని మనిషినే డ్రైవింగ్‌కి తెచ్చుకోండి.